బుట్టలో పడనీయని నేర్పు

బాస్కెట్‌బాల్ ఆట జరుగుచున్నప్పుడు చుట్టును చేరినవారు ఎప్పుడు చప్పట్లు కొట్టుదురో గమనింపుడు. బంతి బుట్టలో పడగానే అందరును లేచి కేకలు వేయుదురు. బంతిని వేసినవాని పేరు మరునాడు బడి అంతటను వినబడును. పడవలసిన బంతి పడకపోయినప్పుడు మాత్రము, దానిని పడనీయకుండ చేసినవాడు ఎవడో అడుగువారు అరుదు. మన జట్టు రెండు పాయింట్లు సంపాదించుటయు, ఎదుటి జట్టునకు రావలసిన రెండు పాయింట్లు రాకుండ చేయుటయు తుది లెక్కలో ఒక్కటే. అయినను మొదటిది పుస్తకములో ఎక్కును, రెండవది ఎక్కదు.

ఈ రెండవ పనినే తమ ముఖ్యవిద్యగా చేసికొన్న ఆటగాళ్లు కొందరు కలరు. అట్టి ఆటగానికి ఏ ఏ నేర్పులు కావలెను, అవి ఎట్లు అలవడును, వాని వలన జట్టునకు కలుగు మేలు ఎంత అను విషయములను ఈ వ్యాసమునందు వివరింపదలచితిమి. ఇందుకు ఉదాహరణముగా అమెరికా వృత్తి క్రీడాకారుడగు జ్రూ హాలిడేను తీసికొనుచున్నాము.

ఆటను గూర్చి కొంత

1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డు పట్టణమున జేమ్స్ నైస్మిత్ అను వ్యాయామోపాధ్యాయుడు, చలికాలములో విద్యార్థులు ఇంటిలోపలనే ఆడుకొనుటకు ఈ ఆటను కల్పించెను. వ్యాయామశాలలోని పై వసారాకు పది అడుగుల ఎత్తున పండ్లబుట్టలను తగిలించి, వానిలో బంతిని వేయుమనెను. బుట్టకు బదులు ఇనుప వలయము వచ్చినది గాని, ఆ పది అడుగుల ఎత్తు నేటికిని మారలేదు. మన దేశమునకు ఈ ఆట వై.ఎం.సి.ఎ. వారి ద్వారా వచ్చినది. దక్షిణదేశపు పాఠశాలలకు దీనిని చేర్చినవారిలో, 1920లో మద్రాసున ఏర్పడిన వై.ఎం.సి.ఎ. వ్యాయామ కళాశాలలో చదివిన ఉపాధ్యాయులు కలరు.

అమెరికాలోని వృత్తి ఆటగాళ్ల సంఘమునకు ఎన్.బి.ఎ. అని పేరు. దాని నియమముల ప్రకారము ఆటస్థలము 94 అడుగుల పొడవు, 50 అడుగుల వెడల్పు. ఒక్కొక్క జట్టున ఐదుగురు ఆడుదురు. ఆట 48 నిమిషములు సాగును. బంతి చేతికి వచ్చిన జట్టు 8 సెకనులలో తన సగభాగమును దాటవలెను. 24 సెకనులలోపల బంతిని బుట్టవైపు విసరవలెను. ఈ 24 సెకనుల నియమము 1954లో వచ్చినది. ఆరు ఫౌలులు చేసినవాడు ఆటనుండి తొలగవలెను. మన పాఠశాలల పోటీలలో ఐదు ఫౌలులకే తొలగుట మీరు ఎరిగినదే.

ఐదుగురిలో ఇద్దరిని గార్డులందురు. వీరు సాధారణముగా జట్టులో పొట్టివారు. బంతిని నేలకు కొట్టుచు ముందునకు తీసికొనిపోవుటయు, ఎవరికి ఎప్పుడు అందింపవలెనో నిర్ణయించుటయు వీరి పని. కావున ఎదుటి జట్టు గార్డును అడ్డుకొనినచో వారి ఎత్తుగడ మొదటిలోనే చెడును. కాలువకు గండి పడిన తరువాత ఊరంతయు తట్టలు మోయుటకంటె, తూము దగ్గరనే నీటిని అదుపు చేయుట మేలు గదా! రక్షణయందు నేర్పరియగు గార్డు చేయు పని అదియే.

హాలిడే ఎవరు?

జ్రూ హాలిడే 1990 జూన్ 12వ తేదీన కాలిఫోర్నియాలో జన్మించెను. తల్లియు తండ్రియు కళాశాల జట్లలో బాస్కెట్‌బాల్ ఆడినవారే. అన్నయు తమ్ముడును కూడ ఎన్.బి.ఎ.లో ఆడిరి. ఒక సంవత్సరము విశ్వవిద్యాలయమున ఆడిన పిమ్మట, 2009లో జట్లు క్రొత్తవారిని ఎన్నుకొను సందర్భమున ఇతడు 17వ వాడుగా ఫిలడెల్ఫియా జట్టునకు వచ్చెను. అనగా పదునారుగురిని ఇతనికంటె మేలైనవారని తలచిరన్న మాట. 2013లో న్యూ ఆర్లియన్స్‌కును, 2020లో మిల్వాకీకిని, 2023లో బోస్టనుకును మారెను. 2021లో మిల్వాకీతోను, 2024లో బోస్టనుతోను జాతీయ విజేత యయ్యెను. 2025లో పోర్ట్‌లండు జట్టునకు వెళ్లెను.

ఇతని ఎత్తు 6 అడుగుల 4 అంగుళములు. మనకు ఇది చాల ఎత్తుగా తోచును గాని, ఎన్.బి.ఎ.లో ఆటగాళ్ల సగటు ఎత్తు ఆరున్నర అడుగుల వరకు ఉండును. అక్కడ ఇతడు పొట్టివారిలో లెక్క. ఆకాశమున కెగిరి చూచువారిని అబ్బురపరచు ఆటయు ఇతనిది కాదు. ఏటేట ప్రకటించు రక్షణవీరుల జట్లలో మాత్రము ఇతడు 2018, 2021, 2023 సంవత్సరములలో మొదటి జట్టునను, 2019, 2022, 2024 సంవత్సరములలో రెండవ జట్టునను స్థానము పొందెను. ఎట్లు పొందెనో ఒక్కొక్కటిగా చూతము.

కాళ్లు

రక్షణకు చేతులు ముఖ్యమని చూచువారు తలంతురు. నిజమునకు కాళ్లు ముఖ్యము. మోకాళ్లు వంచి, నడుము దించి, మునివ్రేళ్లపై బరువుంచి నిలుచుట దీనికి పునాది. ఎదుటివాడు ఎటు కదలిన అటు ప్రక్కకు జరుగవలెను. అట్లు జరుగునప్పుడు ఒక కాలు మరియొక కాలిని దాటరాదు. కాళ్లు పెనవేసికొనిన క్షణముననే ఎదుటివాడు దిక్కు మార్చి దాటిపోవును.

కాళ్ల నేర్పు నేడు మునుపటికంటె ఎక్కువ అవసరమైనది. 2004–05 ఆటకాలమునుండి, బంతితో వచ్చువానిని చేతితో ఒత్తి నిలువరించుటను ఎన్.బి.ఎ. న్యాయనిర్ణేతలు కఠినముగా ఫౌలు క్రింద లెక్కించుచున్నారు. అంతకు ముందు చేతితో కొంతవరకు ఆపవచ్చును. ఇప్పుడు ముందుగా పోయి త్రోవలో నిలిచి, రొమ్మును అడ్డు పెట్టవలసినదే. హాలిడే పాదములు ఎదుటివానికంటె అర అడుగు ముందుగా ఆ చోటికి చేరుకొనును. ఎదుటివాడు తాను పోదలచిన త్రోవను మార్చుకొనవలసి వచ్చును. ఆట పుస్తకమున దీనికి గడి లేదు.

కన్ను

బంతితో వచ్చువాడు తలతో ఒక ప్రక్కను చూపును, కన్నుతో ఇంకొక ప్రక్కను చూపును, బంతిని మూడవ ప్రక్కకు కొట్టును. ఏది నమ్మవలెను? నడుమును నమ్మవలెను. ఎవడైనను నడుమును విడిచి పోలేడు గదా! చెడుగుడు ఆడిన పిల్లలకు ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. కూతకు వచ్చినవాడు చేయి చాచి ఒకనిని బెదరించి, కాలితో వేరొకనిని తాకును. ఆరితేరిన పట్టువాడు ఆ చేతిని చూడడు. వాని నడుమును, మోకాలిని చూచుచుండును. గార్డును అట్లే ఎదుటివాని నడుముపై దృష్టి నిలిపి, బంతిని మాత్రము చూపు అంచున ఉంచుకొనును.

చేయి

చేతికి ఓర్పు నేర్పవలెను. బంతిని కాజేయవలెనని మాటిమాటికి చేయి చాచువానికి రెండు నష్టములు కలుగును. చేయి బంతికి బదులు చేతికి తగిలినచో ఫౌలు. తగులకపోయినచో శరీరము ముందునకు వంగి తూకము తప్పును, ఎదుటివాడు దాటిపోవును, అప్పుడు వెనుకనున్న నలుగురు ఐదుగురిని ఎదుర్కొనవలసి వచ్చును. కాజేసిన బంతులను లెక్కించినచో ఇట్టి ఆటగాడు గొప్పవానివలె కనబడవచ్చును. అతడు విడిచిన సందులను లెక్కించువారు లేరు.

నేర్పుగలవాడు ఒక చేతిని బంతివైపు క్రిందుగను, మరియొక చేతిని బంతి పోవు త్రోవలో ప్రక్కగను ఉంచును. అవకాశము వచ్చువరకు కాచుకొనును. కొంగ ఒంటికాలిపై నిలిచినట్లు నిలిచినను, మెలకువ మాత్రము తప్పదు. బంతి నేలనుండి చేతికి తిరిగి వచ్చు సమయమునను, ఎదుటివాడు వెనుకకు తిరుగు సమయమునను అది కొంత సేపు కాపు లేక ఉండును. ఆ క్షణమును కనిపెట్టుట చేతి విద్య.

ఒడలి బలము

గార్డు అనగా చురుకుదనమే చాలునను తలంపు కలదు. హాలిడే ఇతర గార్డులకంటె దృఢకాయుడు. తొడలును, నడుమును, రొమ్మును బలముగా నుండుటచేత తనకంటె అర అడుగు పొడవైనవాడు భుజముతో త్రోసినను ఇతడు చోటు విడువడు. అందువలన శిక్షకులు ఇతనిని గార్డులకే కాక ఎత్తైనవారికి కూడ ఎదురు నిలుపుదురు.

బలము అవసరమగు సందర్భము ఇంకొకటి కలదు. బంతితో వచ్చువానికి సాయముగా అతని జట్టులోని దీర్ఘకాయుడు ఒకడు త్రోవలో స్తంభమువలె నిలుచును. దీనిని స్క్రీను అందురు. వెంబడించు గార్డు ఆ స్తంభమునకు కొట్టుకొని నిలిచిపోవలెనని వారి ఎత్తు. అప్పుడు గార్డునకు రెండు త్రోవలు కలవు. బంతిగలవాడు దూరమునుండి గురి తప్పక విసరగలవాడైనచో, స్తంభమునకును వానికిని నడుమనున్న ఇరుకు సందులో దూరి వెంటనంటవలెను. దూరపు గురి లేనివాడైనచో స్తంభమునకు వెనుకగా చుట్టి ముందు చేరి ఎదుర్కొనవలెను. రెంటిలో ఏది సరియో రెప్పపాటులో నిర్ణయింపవలెను. ఆ నిర్ణయము ఆటస్థలములో పుట్టునది కాదు. ముందునాటి పరిశీలనలో పుట్టును.

బుద్ధి

వృత్తి జట్లు ఎదుటివారి ఆటల చిత్రములను మరల మరల చూచును. ఇతడు కుడివైపు ఎక్కువ పోవునా, ఎడమవైపా? అలసినప్పుడు బంతిని ఎత్తుగా కొట్టునా? ఇరుకున పడినప్పుడు వెనుకకు తిరుగునా? ఇట్టి విషయములను గుర్తుంచుకొని, ఎదుటివానికి ఇష్టమైన దిక్కును మూసి, ఇష్టము లేని దిక్కును తెరచి ఉంచవలెను. ఆటస్థలపు అంచు గీత కూడ ఒక కాపరియే. గీతవైపు త్రోసుకొనిపోయినచో ఎదుటివానికి ఒక ప్రక్క త్రోవ తనంత తానే మూసికొనిపోవును.

కాలము కూడ ఇట్టి కాపరియే. 24 సెకనులలో ఆరింటిని ఎదుటివాడు సగము గీతను దాటుటకే వ్యయపరచునట్లు చేసినచో, ఎత్తుగడకు మిగులునవి పదునెనిమిదియే. బంతి కాజేయకపోయినను, తాకకపోయినను, ఆ ఆరు సెకనులు గార్డు సంపాదించినవే.

నోరు

అడ్డుకొనుట ఒంటరివాని పని కాదు. వెనుకనుండి వచ్చు స్క్రీను ముందున్న గార్డునకు కనబడదు. వెనుకవాడు కేకవేసి చెప్పవలెను. “కుడి!”, “ఎడమ!”, “నేను చూచుకొందును!”, “మార్చుకొనుము!” అను చిన్న మాటలు ఆట సాగినంతసేపును సాగుచుండవలెను. మాట నిలిచిన జట్టు రక్షణకు వెంటనే చిల్లు పడును.

ఈ విషయము మన విద్యార్థులకు ప్రత్యేకముగా చెప్పదగినది. మన బడిలోనున్నంతకాలము పిలుపులన్నియు తెలుగులోనే సాగును. జిల్లా జట్టునకు ఎన్నికైన పిమ్మట ప్రక్కనున్నవారు తమిళ విద్యార్థులు. తమిళమున కుడిప్రక్కను “వలదు” అందురు. మనకు ఆ మాట వినగానే “వద్దు” అను అర్థము స్ఫురించును. కుడివైపు కాచుకొమ్మని తోడివాడు కేకవేయగా, మనవాడు వద్దన్నాడని తలచి నిలిచిపోయినచో తప్పెవరిది? రెండు భాషలును మంచివే. రెండును ఒకదానికొకటి చుట్టములే. చుట్టరికము వలననే ఇట్టి చిక్కులు వచ్చును. కావున జట్టులో చేరిన మొదటి దినముననే పిలుపుమాటలను అడిగి తెలిసికొనవలెను. అడుగుటకు సిగ్గుపడి నోరు మెదపని విద్యార్థి ఎంత నేర్పరియైనను రక్షణకు సగమే ఉపయోగపడును. తెలుగును చక్కగా నేర్చినవానికి పొరుగుభాషలో ఇరువది మాటలు నేర్చుట ఎంత పని?

2021 నాటి రెండు ఆటలు

ఇంతవరకు చెప్పిన నేర్పులన్నియు ఒక్కచోట కనబడిన సందర్భము 2021 జూలైలో మిల్వాకీ, ఫీనిక్స్ జట్ల నడుమ జరిగిన తుది పోటీ. ముందుగా నాలుగు ఆటలు గెలిచినవారు విజేతలు. మొదటి మూడింటిలో ఫీనిక్స్ రెండు గెలిచియుండెను.

జూలై 14న జరిగిన నాలుగవ ఆటలో హాలిడే 20 సార్లు బుట్టవైపు బంతిని విసరి 4 సార్లు మాత్రమే వేయగలిగెను. పుస్తకము చూచినవారు “ఈనాడు ఇతడు చెడినాడు” అందురు. కాని ఆ రాత్రి ఇతనికి అప్పగించిన ముఖ్యకార్యము వేరు. ఫీనిక్స్ ఎత్తుగడలకు సూత్రధారి క్రిస్ పాల్ అను అనుభవశాలియగు గార్డు. బంతిని పోగొట్టుకొనుట అతనికి అరుదు. హాలిడే అతనిని ఆటస్థలము ఈ కొననుండి ఆ కొన వరకు వెంటాడెను. పాల్ ఆనాడు 10 పాయింట్లు మాత్రమే చేసి, ఐదుమార్లు బంతిని పోగొట్టుకొనెను. మిల్వాకీ 109–103తో గెలిచెను. తన బంతులు బుట్టలో పడలేదని కుమిలిపోయి, హాలిడే కాళ్లను కూడ నెమ్మదింపజేసియుండినచో ఈ గెలుపు కష్టమే. గురి ఒక్కొక్క దినమున కుదురును, ఒక్కొక్క దినమున కుదరదు. కాపుదనమునకు కావలసినది మనస్సు, కాళ్లు; అవి ప్రతిదినమును మన వశములోనివి.

జూలై 17న ఐదవ ఆట ఫీనిక్స్‌లో జరిగెను. హాలిడే ఆనాడు 27 పాయింట్లు చేసి, 13 పర్యాయములు తోడివారు బంతిని వేయునట్లు అందించెను. ఫీనిక్స్ జట్టులోని డెవిన్ బుకర్ 40 పాయింట్లు చేసెను. ఆట ముగియుటకు సుమారు 16 సెకనులున్నప్పుడు మిల్వాకీ 120, ఫీనిక్స్ 119. బంతి బుకర్ చేతిలో నుండెను. ఒక్క బుట్ట వేసినచో గెలుపు ఫీనిక్స్‌దే. బుకర్ బుట్టవైపు దూసికొనివచ్చెను. పి.జె. టక్కర్ అను బలశాలి రొమ్ము అడ్డుపెట్టి త్రోవ మూసెను. బుకర్ వెనుకకు తిరిగెను. తిరిగిన చోట హాలిడే ఉండెను. రెండు చేతులతో బంతిని పట్టి లాగికొనెను.

అప్పుడు బంతిని పట్టుకొని కాలము గడపుట క్షేమమని పెక్కురు తలంతురు. హాలిడే ముందునకు పరుగెత్తి, బుట్ట దగ్గరకు దూసికొనిపోవుచున్న యానిస్ అంటెటొకూంపోకు గాలిలో ఎత్తుగా అందించెను. అతడు ఎగిరి బంతిని బుట్టలోనికి కొట్టెను. మిల్వాకీ 123–119తో గెలిచెను. జూలై 20న ఆరవ ఆటయు గెలిచి, 1971 తరువాత యాబది సంవత్సరములకు తిరిగి విజేత యయ్యెను.

ఇందులో గమనింపవలసిన సంగతులు రెండు. బుకర్ 40 పాయింట్లు చేయనే చేసెను. అతనిని ఎవరును పూర్తిగా ఆపలేకపోయిరి. రక్షణ అనగా ఎదుటివానికి సున్న మిగుల్చుట యని తలపరాదు. ప్రతి బుట్టకును అతడు చెల్లింపవలసిన వెల పెంచుచు పోవుట రక్షణ. ఆ వెల ఒక్కొక్కప్పుడు చివరి పదునారు సెకనులలో చెల్లునకు వచ్చును. రెండవది, బంతిని లాగికొనినవాడు హాలిడే గాని, బుకరును తిరుగునట్లు చేసినవాడు టక్కర్. పుస్తకములో టక్కర్ పేరున ఏమియు పడలేదు.

ఆటలో ఎంత పోరాడినను బయట పగ లేదనుటకు ఒక నిదర్శనము చూడుడు. ఆ ఐదవ ఆటకు సరిగా మూడు వారములకు, ఆగస్టు 7న, టోక్యో ఒలింపిక్ తుది ఆటలో హాలిడేయు బుకరును ఒకే జట్టున నిలిచి, ఫ్రాన్సును 87–82తో ఓడించి బంగారు పతకములు పొందిరి.

లెక్కకు ఎక్కినవి, ఎక్కనివి

ఎన్.బి.ఎ. కూడ చాలకాలము ఈ విద్యకు లెక్క కట్టలేదు. కాజేసిన బంతులను, గాలిలో ఆపిన బంతులను అధికారికముగా వ్రాయుట 1973–74లో మొదలయ్యెను. రక్షణవీరుల జట్లను ఎన్నుకొనుట 1968–69లోను, సంవత్సరమునకు ఒక ఉత్తమ రక్షకుని గౌరవించుట 1982–83లోను ప్రారంభమయ్యెను. ఆ మొదటి బహుమానము పొందినవాడు మిల్వాకీ గార్డగు సిడ్నీ మాన్‌క్రీఫ్. మరుసటి సంవత్సరమును అతడే పొందెను.

క్రమముగా ఆ బహుమానము బుట్ట దగ్గర నిలుచు దీర్ఘకాయుల వైపు మొగ్గెను. వారు గాలిలో బంతిని ఆపుట అందరికిని కనబడును. 1996లో సియాటిల్ గార్డు గేరీ పేటన్ దానిని పొందెను. ఎదుటివానికి చేతితొడుగువలె అంటుకొనును గనుక అతనికి “గ్లవ్” అని పేరు వచ్చినది. ఆ సంవత్సరపు తుది పోటీలో చికాగో వరుసగా మూడు ఆటలు గెలిచిన తరువాత, మైకేల్ జోర్డానును కాచు పని పేటన్ చేపట్టెను. నాలుగవ, ఐదవ ఆటలు సియాటిల్ గెలిచెను. ఆరవది గెలిచి చికాగో విజేత యయ్యెను. పేటన్ తరువాత మరల ఒక గార్డునకు ఆ గౌరవము దక్కుటకు 26 సంవత్సరములు పట్టెను. 2022లో బోస్టన్ గార్డు మార్కస్ స్మార్ట్ దానిని పొందెను.

పేటన్ ఆడుచున్నంతసేపు మాటలతో ఎదుటివానిని రెచ్చగొట్టువాడు. హాలిడే మితభాషి, నోరు తెరచునది తోడివారికి చెప్పుటకే. ఎవరి తీరు వారిది. కాని హాలిడేకు లభించిన మరి రెండు విధముల గౌరవములు చెప్పదగినవి. ఉత్తమ సహచరుడను బహుమానమును 2020, 2022, 2023 సంవత్సరములలోను, ఉత్తమ క్రీడామర్యాదకు ఇచ్చు బహుమానమును 2021లోను ఇతడు పొందెను. వీనిని నిర్ణయించువారు తోడి ఆటగాళ్లే. ప్రతి రాత్రియు తమను విసిగించి, త్రోవలు మూసి, బంతి లాగికొనువానికే వారు ఈ గౌరవములను ఇచ్చిరి.

2024 మే 25న ఇండియానాతో జరిగిన ఆట కూడ జ్ఞాపకముంచుకొనదగినది. అస్వస్థతచేత హాలిడే ఆడునో లేదో అను సందేహము ఆనాడు కలిగెను. అతడు ఆడెను. ఆట చివరి సెకనులలో, బోస్టన్ ఒక్క పాయింటు మాత్రమే ముందున్న సమయమున, ఆండ్రూ నెంబార్డ్ చేతినుండి బంతిని కాజేసెను. బోస్టన్ 114–111తో గెలిచెను. మూడు సంవత్సరముల క్రిందట ఫీనిక్స్‌లో కనబడిన ఓర్పే మరల కనబడెను.

మన ఆటస్థలములో

ఈ నేర్పులలో ఎత్తుతో పుట్టవలసినది ఒక్కటియు లేదు. ఖరీదు పెట్టి కొనవలసినదియు లేదు. రెండు గీతలు గీచి, వాని నడుమ మోకాళ్లు వంచి ప్రక్కకు జరుగుటను ప్రతి సాయంకాలము పది నిమిషములు అభ్యసింపవచ్చును. చేతులను వెనుకకు కట్టుకొని ఎదుటివాని త్రోవలో నిలుచుట అభ్యసించినచో కాళ్లకు బుద్ధి వచ్చును. ఆడనప్పుడు గట్టున కూర్చుండి ఎదుటి జట్టులో ఒకనినే చూచి, అతడు ఎన్నిమార్లు కుడికి పోయెనో, ఎన్నిమార్లు ఎడమకు పోయెనో లెక్కింపవచ్చును. బాలురకెంతయో బాలికలకును అంతే.

తల్లిదండ్రులకు ఒక మనవి. పోటీనుండి వచ్చిన పిల్లవానిని “నీవెన్ని పాయింట్లు వేసితివి?” అని అడుగుట మన అలవాటు. “ఎవరిని కాచితివి? వారు ఎన్ని వేసిరి?” అని కూడ అడుగుడు. ఆ ప్రశ్న విన్న పిల్లవాడు మరునాడు తన పనిని వేరు కన్నుతో చూచుకొనును.

మా పాఠశాల ఆట పుస్తకములో ఇప్పుడు పేరు, పాయింట్లు, ఫౌలులు అను మూడు గడులు మాత్రమే కలవు. ఈ సంవత్సరపు పోటీలనుండి నాలుగవ గడిని గీయవలెనని వ్యాయామోపాధ్యాయులతో ఆలోచించి నిశ్చయించితిమి. తాకి త్రోవ తప్పించిన బంతులు, ఎదుటివానిని త్రోవ మార్చుకొనునట్లు చేసిన సందర్భములు, నేలపై పొర్లాడు బంతికై పడి పట్టుకొనుటలు అందులో వ్రాయుదుము. లెక్క వ్రాయుటకు ఎనిమిదవ తరగతి విద్యార్థులు ఇద్దరు కావలెను. చూపు చురుకుగా ఉన్నవారు పేర్లు ఇయ్యవచ్చును.